నారమ్మ నోరు

నాకు ముక్కు మీద కోపం అని మా వాళ్ళంతా అంటారు. అది అన్యాయం. కోపం ముక్కు దాకా వచ్చి ఆగితే నేను ఎంతో మర్యాదస్తురాలిని అయ్యుండేదాన్ని. నాకది సరాసరి నోట్లోకి వచ్చేస్తుంది. పేరు నాగరాణి. పంతొమ్మిదేళ్ళుగా చిరాగ్‌పల్లిలో అంగన్‌వాడీ టీచర్‌ని. పిల్లల మీద ఒక్కనాడూ చెయ్యెత్తలేదు, గొంతు కూడా ఎత్తలేదు. ఆ లోటంతా పెద్దవాళ్ళ మీద తీర్చుకుంటాను. కరెంటు వాళ్ళు, గుడ్లు తెచ్చే ఆటో అతను, మా ఆయన, అందరూ నా నోట పడ్డవాళ్ళే. వాళ్ళలో ఎవరి గురించీ నాకు బాధ లేదు. నారమ్మ మీద కోప్పడ్డ సంగతి మాత్రం ఇప్పటికీ గుర్తొస్తే అన్నం సయించదు.

నారమ్మకు అరవై దాటి ఉంటాయి. చర్చి వెనక రెండు గదుల ఇల్లు. కొడుకు సాల్మన్ ముంబై లారీ నడుపుతాడు. ఇల్లు విడిస్తే పది రోజులకు గానీ మళ్ళీ గడప తొక్కడు. కోడలు దేవమ్మ పొద్దున్నే చెరుకు కోతకో, కలుపుకో పోయి, దీపాలు పెట్టే వేళకు వచ్చి, నాలుగు మెతుకులు తిని ఒరిగిపోతుంది. పాపం, ఆమెకు మాట్లాడే ఓపిక కూడా మిగలదు. ఇక మనుమరాలు రూతు, నాలుగేళ్ళది. దానికి నీళ్ళు పోసేది, తినిపించేది, నిద్రపుచ్చేది, సెంటర్‌లో దింపేది, మళ్ళీ తీసుకుపోయేది అంతా నారమ్మే.

ఆమె నోటి గురించి ముందు చెప్పాలి. నారమ్మ వస్తుంటే గొంతు ముందు వచ్చేది, మనిషి తరువాత వచ్చేది. దారిలో కనిపించిన ప్రతిదానితో మాట్లాడేది. మేకతో, బోరింగుతో, హైవే మీద పోయే లారీతో. చంకలో పిల్ల ఉంటే ఇక చెప్పక్కర్లేదు. "గది సూడు, గా లారీల చెరుకు పోతున్నది. ఏడికి పోతున్నది? ఫ్యాక్టరీకి. ఆడ దాని నడుములిరుస్తరు, రసం పిండుతరు, గప్పుడైతది చక్కెర. నీ చాయిల ఏసేది గదేనే, నీ జిమ్మడ." మాటకు ముందో తిట్టు, వెనకో తిట్టు. కోపంతో కాదు. మనం 'అమ్మా', 'నాయనా' అన్నట్టే ఆమె అవి అనేది. కోడిని తిట్టి గింజలు వేసేది. పిల్లను తిట్టి ముద్దు పెట్టుకునేది.

పిల్ల నోరు కూడా అట్లాగే తయారైంది. ప్రణయ్ అని ఇంకో పిల్లవాడున్నాడు, వాళ్ళమ్మ ఇంటర్ చదివింది. చార్టులో ఆవు బొమ్మ చూపిస్తే వాడు "ఆవు" అని ఊరుకునేవాడు. రూతు ఊరుకునేది కాదు. "ఆవు గాదు టీచరమ్మా, పెయ్య. కొమ్ములు రాలే గద. దీనికి తాడు లేదేంది? తెంపుకొని ఉరికొచ్చిందా?" అనేది. నాకు నవ్వొచ్చేది. నవ్వి ఊరుకున్నానే తప్ప ఆ మాటలు ఎక్కడి నుంచి వస్తున్నాయో ఆలోచించలేదు. సంగారెడ్డి ట్రైనింగ్‌లో ఒకావిడ చెప్పింది కూడా. చదువులో పిల్లకూ పిల్లకూ మధ్య తేడా బడికి పోయాక వచ్చేది కాదట. ఇంట్లో దానితో ఎవరు ఎంత మాట్లాడారన్న దాన్ని బట్టి బడికి పోకముందే వచ్చేస్తుందట. నేను నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఆ హాల్లో ఫ్యాను తిరగడం లేదని పక్కన ఎవరితోనో గొడవ పడుతూ రాసుకున్నాను కాబట్టి బుర్రకెక్కలేదు.

పోయిన ఏడు బతుకమ్మ పండుగకు వారం ముందు మా సూపర్‌వైజర్ మహేశ్వరి మేడం వచ్చారు. పిల్లలను వరసగా కూర్చోబెట్టి అన్నం పెడుతున్నాం. ఆవిడ రూతు ముందు వంగి, పళ్ళెంలో అంచుకు దొర్లిన గుడ్డును వేలితో లోపలికి జరిపి, "నీ పేరేంటి తల్లీ?" అన్నారు. గుడ్డును ఎవరైనా ముట్టుకుంటే రూతుకు పడదు. తలెత్తి చూసి, చాలా తాపీగా, "నా గుడ్డు ఇడువు, నీ జిమ్మడ. నీ నోట్లె మన్నువడ" అంది.

మా ఆయా గంగమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. మేడం మాత్రం నవ్వలేదు. "నాగరాణీ, పిల్లలకు ఇదేనా నేర్పేది?" అని, విజిట్ బుక్‌లో రెండు లైన్లు రాసి వెళ్ళిపోయారు. పంతొమ్మిదేళ్ళలో నా బుక్‌లో అట్లాంటి మాట పడలేదు. నాకు తల కొట్టేసినట్టయింది.

సాయంత్రం నారమ్మ వచ్చేసరికి ఇంకో పదిమంది తల్లులు పిల్లల కోసం గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఆమెను పక్కకు పిలిచి చెప్పొచ్చు. నాకంత ఓపిక ఎక్కడిది? అందరి ముందే ఒంటికాలి మీద లేచాను.

"నీకు జర బుద్ధున్నదా అవ్వా? నీ నోటితోని పిల్ల ఖరాబైతున్నది. అది మంచిగ సదువుకోవాల్నంటే, ఇయ్యాల్టి సంది నీ మాట దాని చెవుల పడొద్దు. నోరు మూసుకొని పెంచు. నీకంటే మూగోళ్ళు నయం."

ఒక మాటంటే పది మాటలు అప్పజెప్పే మనిషి. నేను కూడా నడుం బిగించుకునే ఉన్నాను. నారమ్మ ఏమీ అనలేదు. పిల్ల చేతులకంటిన మట్టి దులిపి, ఎత్తుకుని వెళ్ళిపోయింది. రూతు ఆమె భుజం మీద నుంచి నన్నే చూస్తూ పోయింది. నేను గెలిచాననుకున్నాను. గంగమ్మతో, "సూసినవా, గట్టిగ చెప్తే ఎవ్వరన్న ఇంటరు" అని గొప్పలు కూడా పోయాను.

పిల్ల తిట్లు మానేసింది. నాకు సంతోషమైంది. తరువాత ప్రశ్నలు మానేసింది. బుద్ధిగా కూర్చుంటోంది కదా అనుకున్నాను. దసరా పోయింది, క్రిస్మస్ పోయింది. కొత్త ఏడాది వచ్చేసరికి పేరు పిలిస్తే చూడడం, కావాలంటే చెయ్యి చాపడం, వద్దంటే తల ఊపడం, అంతే మిగిలింది. ప్రణయ్ "ఆవు గడ్డి తింటది, పాలిస్తది" దాకా వచ్చేశాడు. రూతు చార్టు వైపు చూసి తల దించుకునేది. నారమ్మ కూడా సాయంత్రం వచ్చి, నా వైపు చూడకుండా పిల్లను తీసుకుని పోయేది. నా మీద అలిగిందనుకున్నాను. అలిగితే అలగనీ, నాకేం పోయింది అనుకున్నాను కూడా.

మార్చిలో పిల్లల ఎదుగుదల పత్రాలు నింపాలి. 'వాక్యాలు కలిపి మాట్లాడుతుందా', 'ప్రశ్నలు అడుగుతుందా' అని ఉంటాయి అందులో. పోయిన ఏడాది నేనే టిక్కు పెట్టిన గళ్ళ దగ్గర ఈసారి పెన్ను కదల్లేదు. ఇంకో ఏడాదిలో ఈ పిల్ల బడికి పోవాలి. ఇట్లాగే పోతే మొదటి రోజే వెనక బెంచీలో కూర్చోబెడతారు. వెనక బెంచీలో కూర్చున్న మా పిల్లలు ముందుకు రావడం నేను పెద్దగా చూడలేదు. మూడో తరగతిలో ఒకరు, ఆరులో ఒకరు బడి మానేసి చెరుకు కోతకు పోతారు. వాళ్ళ పేర్లు, వాళ్ళు నా దగ్గర తాగిన పాల గ్లాసులు అన్నీ నాకు గుర్తే. ఆ వరసలో రూతు పేరు చేరడం నాకిష్టం లేదు. చెవుల్లో ఏదైనా లోపముందేమో అని భయం పట్టుకుంది.

దేవమ్మ చేత ఒక రోజు పని మాన్పించి, పిల్లను తీసుకుని జహీరాబాద్ దవాఖానకు పోయాం. డాక్టరమ్మ చిన్న వయసు మనిషి, నిదానస్తురాలు. చెవులు చూసింది. వెనక నుంచి గంట మోగించింది. "బంతి ఎక్కడుంది? దువ్వెన ఇవ్వు" అంటూ చాలాసేపు ఆడించింది. రూతు అడిగినవన్నీ తీసి ఇచ్చింది గానీ పెదవి విప్పలేదు.

"చెవులు బాగున్నాయి. మాటలు అర్థమవుతున్నాయి. బయటికే రావట్లేదు" అంది డాక్టరమ్మ. "ఇంట్లో పిల్లతో ఎవరు మాట్లాడతారు?"

నాకు నవ్వొచ్చింది. "వాళ్ళ అవ్వ ఉంది డాక్టరమ్మా. మాటలకేం కరువు లేదు ఆ ఇంట్లో" అన్నాను.

దేవమ్మ తలొంచుకుంది. "అత్త మాట్లాడ్తలేదు టీచరమ్మా. ఆరు నెలలాయె."

"ఏమైంది? పానం బాగలేదా?"

"మంచిగనే ఉన్నది. బైట జర మాట్లాడ్తది. పిల్ల ముంగట మాత్రం నోరిప్పది. అన్ని చేతులతోనే చెప్తది. ఎందుకత్తా అంటే..." దేవమ్మ నా మొహం చూసి, మళ్ళీ నేల చూసింది. "మీరే వద్దన్నరంట గద."

డాక్టరమ్మ కూడా నా వైపు చూసింది. ఆ గదిలో కుర్చీ కింద దాక్కునే వీలుంటే దాక్కునేదాన్ని. సిగ్గుతో చచ్చిపోయాను. నేనన్న మాట నాకు అక్షరం అక్షరం గుర్తొచ్చింది.

"ఇంట్లో మాటే పిల్లలకు పాలు" అంది డాక్టరమ్మ మెల్లగా. "అది ఏ యాసైనా పర్వాలేదు. తిట్లు తరువాత మాన్పించుకోవచ్చు. ముందు ఆవిణ్ణి పిల్లతో మాట్లాడమనండి. నెల తరువాత మళ్ళీ తీసుకురండి, చూద్దాం."

బస్సు దిగాక ఇంటికి పోలేదు. నారమ్మ విరూపాక్ష అనే రైతు అల్లం చేనుకు కూలికి పోయిందని దేవమ్మ చెబితే అటే నడిచాం. తవ్వకం జరుగుతోంది. మగవాళ్ళు తవ్వి పోస్తుంటే, ఆడవాళ్ళు వరసగా కూర్చుని మట్టి దులిపి, వేర్లు గిల్లి, గంపల్లో వేస్తున్నారు. చేనంతా అల్లం ఘాటు. సాయంత్రం వ్యాను వస్తుందని విరూపాక్ష గట్టు మీద అటూ ఇటూ తిరుగుతూ అందరినీ తొందర పెడుతున్నాడు. దేవమ్మ పిల్లకు నీళ్ళు తాగించడానికి బోరు దగ్గరికి తీసుకుపోయింది. నేను పోయి నారమ్మ పక్కన మట్టిలో కూర్చున్నాను.

"అవ్వా, నేను తప్పు మాట్లాడిన. మాఫ్ చెయ్యి" అన్నాను.

నారమ్మ ముందు పిల్ల ఎక్కడుందో చూసుకుంది. దూరంగా ఉందని తెలిశాకే నోరు విప్పింది.

"గట్లనకు బిడ్డా. నువ్వు చెప్పింది నిజమే గద."

"నిజం గాదు. కోపంల నోటికొచ్చింది అన్న."

"కోపంల అన్నా నిజమే" అంటూ చేతిలో అల్లం ముద్ద తిప్పి మట్టి గీకింది. "మా సాల్మన్ మూడో తరగతిల ఉండె. సారు ఏదో అడిగితే వీడు ఇంట్ల నేను మాట్లాడినట్టే చెప్పిండంట. నడుమ తిట్టు గూడ ఒకటి దొర్లింది. సారు కొట్టిండు. పిల్లలంత నవ్విన్రు. తెల్లారి బడికి పో అంటే పోలే. బతిమాలిన, కొట్టిన, ఏడ్సిన. పోలేదు బిడ్డా. గిప్పుడు సూడు, ముంబై తొవ్వల ఏడ పండుకుంటడో, ఏం తింటడో. వాన్ని బడిల నుంచి ఎల్లగొట్టింది నా నోరే. ఆనాడు నువ్వనంగనే గదే యాదికొచ్చింది. పిల్లకు గూడ గట్లనే కావొద్దనుకున్న. నేను నోరు మూసుకుంటే అది బాగుపడ్తదంటే, గంతకంటే ఏం గావాలె నాకు?"

ఆ సారు ఎవరో నాకు తెలియదు. తెలిస్తే మాత్రం ఏం అడుగుతాను? అతను కొట్టాడు, నేను నలుగురిలో తిట్టాను. అంతే తేడా.

"ఆరు నెలలు ఎట్లున్నవ్ అవ్వా?"

"ఏం జేస్త మరి. పని లేని నాడు, అది నీ దగ్గరికొచ్చినంక, కోళ్ళతోని మాట్లాడుకుంట. అన్ని దాని ముచ్చట్లే." నారమ్మ నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు.

దవాఖానలో జరిగిందంతా చెప్పాను. పిల్లకు మాట నేర్పింది నువ్వే, నేను కాదు అన్నాను. నీ మాట ఆగితే దాని మాట ఆగిపోయింది, మళ్ళీ మాట్లాడు, ఎట్లా వస్తే అట్లా మాట్లాడు అని చేతులు పట్టుకుని అడిగాను. నారమ్మ చేతులు విడిపించుకుంది.

"ఆనాడు మూసుకోమంటివి, ఇయ్యాల తెరువుమంటున్నవ్. సదువుకున్నోళ్ళు మీరే తీరుకో తీరు చెప్తే మేమేది నమ్మాలె? ఒక్కపాలి కొడుకుతోని సూసిన. మనుమరాలితోని మళ్ళ సూడమంటవా? నాతోని గాదు."

మళ్ళీ పనిలో పడింది.  ఎంతటి నోరు నాది! ఆ సాయంత్రం ఒక్క మాట రాలేదు. ఊరికే కూర్చోలేక నేను కూడా ఒక అల్లం ముద్ద తీసుకుని మట్టి దులపడం మొదలుపెట్టాను. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుంటే ఘాటు అనుకుంటారులే అని తుడుచుకోలేదు.

ఇద్దరం గమనించలేదు. రూతు మా వెనకే నిలబడి ఉంది. బోరు దగ్గర గౌను తడిసిపోయింది. అవ్వ గొంతు విని తల్లి చెయ్యి విడిపించుకుని వచ్చిందట. ఎంతసేపటి నుంచి వింటోందో తెలియదు. ముందుకు వచ్చి, అవ్వ ఎదురుగా గొంతుక్కూర్చుని, తడి చెయ్యి చాపి ఆమె పెదవుల మీద పెట్టింది. నారమ్మ నోరు బిగించుకుంది.

"అవ్వా" అంది రూతు.

ఆ గొంతు నేను విని ఎన్ని వారాలైందో. బొంగురుగా, వాడకుండా ఉంచిన గొంతులా ఉంది.

"అవ్వా, కోపం పోయిందా?"

నారమ్మ నా వైపు చూసింది. 

"టీచరమ్మతోని మాట్లాడినవ్ గద" అంది పిల్ల. "నా మీద గూడ పోయిందా కోపం? నేను మేడంను తిట్టిన గద, గందుకే నువ్వు..." అవ్వ కొంగు పట్టుకుంది. "మళ్ళ తిట్ట. గుడ్డు గుంజుకున్నా తిట్ట."

నారమ్మ చేతిలోని అల్లం జారి ఒళ్ళో పడింది.

"నేను జర మాట్లాడొచ్చా అవ్వా?"

నాలుగేళ్ళ పిల్ల. అది చెవిటిదీ కాదు, మందమతీ కాదు. తనకు శిక్ష పడిందనుకుని, ఎప్పుడు తీరుతుందా అని చూస్తూ ఆరు నెలలుగా నోరు మూసుకుని కూర్చుంది. వాళ్ళిద్దరికీ శిక్ష వేసినదాన్ని నేను ఆ పక్కనే ఉన్నాను. తుడుచుకోని కన్నీళ్ళు ఇక ఆగలేదు, ఆపాలని కూడా అనిపించలేదు.

నారమ్మ పిల్లను రెండు చేతులతో ఒళ్ళోకి లాక్కుంది.

"నీ మీద కోపమెవరికే నా తల్లీ? నీ మీద నాకు కోపమొస్తదా?" పిల్ల మొహం మీది జుట్టు వెనక్కి తోసింది. "మాట్లాడు బిడ్డా. ఎంతనన్న మాట్లాడు. నేనున్న, ఇంట."

రూతు అవ్వ మొహం అంతా ఒకసారి చూసుకుంది, నిజమేనా అన్నట్టు. తరువాత మెల్లగా మొదలుపెట్టింది.

"ఎర్రకోడి గుడ్లు పెడ్తలేదు."

"ఎందుకు పెడ్తలేదే?"

"ముసల్దైంది. నీ లెక్క."

పక్క వరసలో ఆడవాళ్ళు నవ్వారు. నారమ్మ ఏడుస్తూనే నవ్వింది. పిల్లకు ధైర్యం వచ్చింది. ముంబై నుంచి బాపు తెచ్చిన బూట్లలో ఒకటి కాలు కరుస్తోందంది. కరిచేది ఏ కాలుదో చూపించింది. ప్రణయ్ తన పలక దాచాడంది. అల్లం గంపను చూపిస్తూ "గది... గది..." అని ఆగిపోయింది. పేరు మరిచిపోయింది. "గంప" అంది నారమ్మ. "గంప" అంది పిల్ల, మళ్ళీ ఇంకోసారి అంది. తరువాత ఒళ్ళో పడిన ముద్దను తీసి, దాని కొమ్ములను తన చేతి వేళ్ళ పక్కన పెట్టి చూసుకుని, "దీనికి గిన్ని ఏళ్ళెందుకున్నయ్?" అని అడిగింది. అది ప్రశ్న. ఆరు నెలల తరువాత రూతు తెలుసుకోవాలని అడిగిన ప్రశ్న. "ఏళ్ళు గావు బిడ్డా, దాని పిల్లలు. తల్లిని పట్టుకొనే పెరుగుతయి" అంది నారమ్మ. "మట్టిల సీకటి గద, భయం గాదా?" అంది రూతు. దేవమ్మ వచ్చి నా పక్కన కూర్చుని వింటోంది. వరసలో ఆడవాళ్ళ చేతులన్నీ ఆగిపోయాయి.

గట్టు మీద వ్యాను హారన్ మోగింది. విరూపాక్ష గబగబా చేన్లోకి దిగి వచ్చాడు. "ఏం నారమ్మా, అందరు చేతులాపిన్రు? బండొచ్చింది, లెవ్వున్రి."

నలభై ఏళ్ళుగా పరుల చేన్లలో కూలి చేసిన మనిషి. ఆసామి గొంతు వినబడితే చేతిలో ఏమున్నా వదిలి లేచేది. నారమ్మ లేవలేదు. అతని వైపు చూడను కూడా లేదు, పిల్ల మొహమే చూస్తోంది.

"జర ఆగు పటేలా" అంది. "నా మనుమరాలు మాట్లాడ్తున్నది."